ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లు చెవులు, చేతులు, నిద్ర కాపాడుకోవడం ఎలా

నా ఎడమ చెవిలో ఒక మోత ఉంది. పగలు తెలియదు. రాత్రి పడుకుని ఫ్యాన్ కట్టేస్తే మాత్రం కీచురాయి ఒకటి లోపల కాపురం పెట్టినట్టు సన్నగా మొదలై నిద్ర పట్టేదాకా వదలదు, ఒక్కోసారి ఆ నిద్రే పట్టదు. 19 ఏళ్లుగా లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయిస్తున్నాను, ఉయ్యూరు నుంచి తణుకు దాకా నేను ఎక్కని కల్యాణ మండపం స్టేజ్ లేదంటే అది మరీ పెద్ద అబద్ధం కాదు. ఈ మోత ఏ ప్రోగ్రాంలో వచ్చిందో చెప్పలేను. చెప్పగలిగితే కనీసం ఎవరినైనా తిట్టుకునేవాణ్ని.

మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే పెళ్లి రిసెప్షన్లకీ, వినాయక చవితి పందిళ్లకీ, తీర్థాలకీ వెళ్లి సినిమా పాటలు వాయించే పార్టీ. కీబోర్డ్, డ్రమ్స్ లేదా ప్యాడ్స్, తబలా, డోలక్, బేస్ గిటార్, ఫ్లూటో వయొలినో ఒకటి, ఇద్దరు ముగ్గురు సింగర్లు, ఒక యాంకర్. విదేశాల్లోని సింఫనీ ఆర్కెస్ట్రా వేరే లోకం, నెల జీతం, ఏసీ హాలు, నల్ల కోటు. అక్కడ కూడా, ఆస్ట్రేలియాలో 8 ఆర్కెస్ట్రాల్లోని 377 మందిని అడిగితే 84 శాతం మంది నొప్పి వల్ల వాయించడం దెబ్బతిన్న రోజులు చూశామన్నారు (2012లో వచ్చిన సర్వే ఇది). జర్మనీలో ఆరోగ్య బీమా రికార్డులు తిరగేస్తే, మామూలు జనం కంటే వృత్తిగా సంగీతం చేసేవాళ్లలో శబ్దం వల్ల వచ్చే చెవుడు మూడున్నర రెట్లు ఎక్కువని 2014లో తేలింది. సైడ్ స్పీకర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అర్ధరాత్రి దాకా వాయించే మన సంగతి మీరే ఊహించుకోండి.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. మన ఒంటికి జరిగే నష్టం రాత్రి పది గంటలకి జరుగుతున్నట్టు అనిపిస్తుంది గానీ, అది ఖాయమయ్యేది సాయంత్రం నాలుగూ ఆరూ మధ్య, స్టేజ్ మీద సామాన్లు సర్దేటప్పుడు. పాట మొదలయ్యాక మీరు కుర్చీ కదపలేరు, మానిటర్ (వాయించేవాళ్లకి తమ శబ్దం వినిపించడానికి వాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్) తిప్పలేరు, జనరేటర్ జరపమనలేరు. అందుకే దీన్ని జబ్బుల వరసలో కాకుండా ప్రోగ్రాం రోజు వరసలో రాస్తున్నాను.

డేట్ ఒప్పుకునే ముందు

ముందు పంచాంగం చూడండి, నవ్వకండి. మన పని అంతా ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే నెలా రెండు నెలలు ఖాళీ, వాయిద్యం పెట్టెలో నిద్రపోతుంది. శ్రావణం రాగానే ఒకేసారి నెలకి పదిహేను ప్రోగ్రాంలు, దాని వెనకే వినాయక చవితి తొమ్మిది రాత్రులు. చేతి నొప్పులు ఎక్కువగా ఎప్పుడు పట్టుకుంటాయో తెలుసా, పని ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, పని ఉన్నట్టుండి పెరిగినప్పుడు. కండరాలూ వాటిని ఎముకకి పట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లూ ఆ పెంపుకి అలవాటు పడటానికి వారాలు తీసుకుంటాయి. మనం ఒక్క రాత్రి కూడా ఇవ్వం.

కాబట్టి మూఢంలో కూడా రోజూ అరగంట వాయించండి. ముహూర్తాలు మొదలవడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచి ఆ అరగంటని కొంచెం కొంచెం పెంచుతూ రెండు గంటలకి తీసుకురండి, మధ్యలో విరామాలు ఇస్తూ. వరసగా మూడు రాత్రుల కంటే ఎక్కువ ఒప్పుకోకండి అని చెప్పాలని ఉంది గానీ, చవితికి ఆ మాట ఎవరూ వినరు, నేనూ వినను. అలాంటప్పుడు కనీసం పగలు ప్రాక్టీసు, రికార్డింగు పెట్టుకోకండి. చేతికి ఉన్న లెక్క ఒక్కటే, అది ప్రోగ్రాం గంటల్నీ ప్రాక్టీసు గంటల్నీ వేరువేరుగా చూడదు.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడే పార్టీ ఓనర్‌ని నాలుగు సంగతులు అడగండి: స్టేజ్ ఎంత పెద్దది, జనరేటర్ ఎక్కడ పెడుతున్నారు, ఎన్ని గంటలకి ముగుస్తుంది, తిరిగి వచ్చే బండి నడిపేది ఎవరు. డబ్బు సంగతి ఎలాగూ అడుగుతారు.

ఇంకోటి, సీజన్‌కి ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించుకోండి. ఈఎన్‌టీ దగ్గర గానీ ఆడియాలజిస్ట్ దగ్గర గానీ గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టి చేసేది, ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అంటారు. ముందు రోజు ప్రోగ్రాం లేకుండా చూసుకోండి, ఎందుకంటే పెద్ద శబ్దం విన్న చెవి కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది, కనీసం 16 గంటలు ప్రశాంతంగా గడిచాక వెళ్తేనే లెక్క సరిగా వస్తుంది. 3000, 4000, 6000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి పై స్వరాల దగ్గర కూడా చూడమని నోరు తెరిచి అడగండి. శబ్దం దెబ్బ ముందుగా పడేది అక్కడే, కాగితం మీద గీత 4000 దగ్గర గుంటలా దిగిపోతుంది. మామూలు మాటలు అప్పటికి బాగానే వినిపిస్తుంటాయి, అందుకే మనకి అనుమానం రాదు. ఆ కాగితాన్ని పారేయకండి, ప్రతి ఏడాదీ పక్కన పెట్టి పోల్చుకోవడానికి అదే ఆధారం.

స్టేజ్ ఎక్కగానే ముందు కరెంటు

వయొలిన్ పెట్టె తెరవకముందే ఇది చూడండి. ఒకసారి గోదావరి జిల్లాలో ఒక తీర్థంలో, వాన పడి వెలిసింది, స్టేజ్ మీద పరిచిన తివాచీ తడిసి కాళ్ల కింద చల్లగా తగులుతోంది. మా సింగర్ చెప్పులు విప్పి, అమ్మవారికి దండం పెట్టి, ఎడమ చెయ్యి గిటార్ అతని భుజం మీద వేసి మైక్ దగ్గరికి మొహం తెచ్చాడు. పెదవి మైక్ జాలీకి తగలగానే తల వెనక్కి విసిరినట్టు పోయింది. పెద్దగా ఏమీ కాలేదు, పెదవి మీద ఎర్రటి చుక్క, రెండు పాటలు వణుకుతూ పాడాడు. తర్వాత వెనక్కి వెళ్లి చూస్తే పవర్ బోర్డు ప్లగ్గుకి ఉన్న మూడో పిన్ను, ఆ లావుపాటి ఎర్త్ పిన్ను, సాకెట్‌లో పట్టలేదని ఎవరో కటింగ్ ప్లేయర్‌తో కోసేశారు. కోసిన చోట ఇత్తడి ఇంకా మెరుస్తోంది.

అప్పటి నుంచి నా పెట్టెలో రోజిన్ పక్కన ఒక టెస్టర్ ఉంటుంది. సౌండ్ ఆన్ చేశాక ప్రతి మైక్ జాలీకీ, గిటార్ తీగలకీ, ఇనుప స్టాండ్లకీ, స్టేజ్ ఇనుప కమ్మీలకీ తాకించి చూస్తాను. వెలిగితే ఆపించండి. వైర్లలో మనం చెయ్యి పెట్టకూడదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాలి, ఎర్త్ సరిచేశాకే మొదలుపెట్టాలి. బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉందా అని అడగండి, లీకేజీ వస్తే అది క్షణంలో కట్ చేస్తుంది. లేదంటే వచ్చే ప్రోగ్రాంకి పెట్టించమని ఓనర్ వెంట పడండి. భక్తి ఎంత ఉన్నా తడి స్టేజ్ మీద రబ్బరు చెప్పులతోనే నిలబడండి, దేవుడు ఏమీ అనుకోడు.

జనరేటర్ సంగతి కూడా ఇప్పుడే. వెనక పరదా కట్టేసిన స్టేజ్‌కి ఆనుకుని జనరేటర్ పెడితే పొగ లోపలికి వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ప్రోగ్రాం మధ్యలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే అది టీ పడక కాదు. లేచి బయటికి వెళ్లండి, జనరేటర్‌ని గాలి వాటం చూసి దూరంగా జరిపించండి.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి

చెవిని కాపాడేది దూరమూ సమయమూ, మిగతావన్నీ వాటి తర్వాతే. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే సంస్థ నయాష్ పెట్టిన లెక్క చెప్తాను, గుర్తుంచుకోవడం తేలిక: 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే 1, 97 అయితే అరగంట, 100 అయితే 15 నిమిషాలు. వయొలిన్ గట్టిగా వాయిస్తే వాయించేవాడి ఎడమ చెవి దగ్గరే 90 దాటడం మామూలు, దానికి డ్రమ్స్ సింబల్స్ తోడైతే ఇంక చూసుకోండి. ఒక రిసెప్షన్‌లో నా కుర్చీ దగ్గర ఫోన్ యాప్ పెట్టి చూస్తే 98 నుంచి 101 మధ్య ఊగింది. ఫోన్ లెక్క అటూ ఇటూ ఉంటుందనుకున్నా, మూడున్నర గంటల ప్రోగ్రాంలో నా ఆ రోజు కోటా మొదటి నాలుగు పాటలకే అయిపోయింది.

సరే, ఏం చేయాలి. మొదట డ్రమ్స్ చూడండి. హై హ్యాట్, క్రాష్ సింబల్స్ పక్కవాడి తల ఎత్తులో, చెవికి సూటిగా ఉంటాయి. డ్రమ్స్‌ని స్టేజ్ వెనక మూలకి జరిపి, మిగతావాళ్లు కనీసం ఆరేడు అడుగుల దూరంలో ఉండేలా కుర్చీలు వేయండి. ఆరుబయట దూరం రెట్టింపు అయితే శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. మండపంలో గోడలు తిప్పి కొడతాయి కాబట్టి అంత తగ్గదు, అయినా ఆ రెండు మూడు డెసిబెల్సే మీకు ఉన్న సమయాన్ని రెట్టింపు చేస్తాయని పైన లెక్కలో చూశారు కదా. డ్రమ్స్ బదులు ప్యాడ్స్ ఉంటే ఇంకా సులువు, అక్కడ శబ్దం స్పీకర్‌లోంచే వస్తుంది, తగ్గించడం మన చేతిలో ఉంటుంది.

తర్వాత బయటి పెద్ద స్పీకర్లు మీ కుర్చీ వరస కంటే ముందుకి ఉన్నాయా లేదా చూడండి. చిన్న స్టేజ్‌లలో స్పీకర్ గుట్టని వాయించేవాళ్ల పక్కనే పెడతారు, చివర కూర్చున్నవాడు రాత్రంతా దాని పక్క గాలి తింటాడు. నాలుగడుగులు ముందుకి జరపమంటే సౌండ్ కుర్రాళ్లు విసుక్కుంటారు, అప్పుడు "తమ్ముడూ, నువ్వు ఒక్క పాట ఇక్కడ కూర్చో" అంటే చాలు.

లండన్‌లో జరిగిన కథ ఒకటి ఈ సందర్భంలో చెప్పాలి. 2012లో రాయల్ ఒపేరా హౌస్‌లో వాగ్నర్ ఒపేరా రిహార్సల్. క్రిస్టఫర్ గోల్డ్‌షీడర్ అనే వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం) వాద్యకారుణ్ని, స్టేజ్ ముందు వాయించేవాళ్లు కూర్చునే ఇరుకు పిట్‌లో సరిగ్గా ట్రంపెట్ల ముందు కూర్చోబెట్టారు. శబ్దం ఒక్కో క్షణం 130 డెసిబెల్స్ దాటింది. ఇయర్‌ప్లగ్స్ ఇచ్చామని యాజమాన్యం వాదించింది. ఆయన చెవి మాత్రం కోలుకోలేదు, గిన్నెల చప్పుడు కూడా భరించలేని స్థితి వచ్చి వృత్తే వదిలేశాడు. 2018లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది, 2019లో అప్పీలు కోర్టులో కూడా యాజమాన్యం బాధ్యత నిలబడింది. ఆ తర్వాతి రోజుల్లో వాళ్లే కుర్చీల అమరిక మార్చారు, శబ్దం తగ్గింది. అంటే ముందే మార్చి ఉండొచ్చు. మన దగ్గర ఇలా కోర్టుకి వెళ్లే ఓపిక, యాజమాన్యం అనదగ్గ మనిషి రెండూ ఉండవు కాబట్టి కుర్చీ జరుపుకోవడం మన పనే.

సౌండ్ చెక్

ఇక్కడ జరిగే నాటకం మీ అందరికీ తెలిసిందే. సింగర్ "అన్నా, నా మానిటర్‌లో నాది కొంచెం పెంచు" అంటాడు. పెంచుతారు. ఇప్పుడు కీబోర్డ్ ఆయనకి తనది వినపడదు, ఆయనా పెంచమంటాడు. బేస్ ఆయన ఎవర్నీ అడగడు, నిశ్శబ్దంగా తన ఆంప్ మీద తనే తిప్పేస్తాడు. తబలా ఆయన పెద్దమనిషి, నోరు తెరవడు, కానీ చేత్తో గట్టిగా కొట్టడం మొదలుపెడతాడు, ఆ నొప్పి రెండు నెలల తర్వాత మణికట్టులో బయటపడుతుంది. ఇరవై నిమిషాల్లో మొదలైన చోటి నుంచి 10 డెసిబెల్స్ పైకి చేరి, ఎవరికీ ఏమీ వినపడని స్థితికి వస్తాం.

దీనికి విరుగుడు "పెంచు" అనే మాట నిషేధించడం. వినపడకపోతే ముందు ఎవరిది తగ్గించాలో అడగండి. మానిటర్‌ని మోకాళ్లకి కాకుండా చెవుల వైపు కొంచెం ఎత్తి తిప్పండి, అదే వాల్యూమ్‌లో రెట్టింపు స్పష్టంగా వినపడుతుంది. మీ మానిటర్‌లో మీకు అవసరమైన రెండు మూడే ఉంచమనండి, పాట మొత్తం అక్కర్లేదు. చెవిలో పెట్టుకునే మానిటర్లు వాడేవాళ్లు రెండూ పెట్టుకోండి. ఒకటి తీసి మెడలో వేలాడేస్తే రెండో దాని వాల్యూమ్ తెలియకుండానే పెంచేస్తాం, లాభం పోయి నష్టమే మిగులుతుంది.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు కట్టేయాలి, పండగలకి ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఊళ్లో వాళ్ల నిద్ర కోసం పెట్టిన రూలు అది. పోలీసు జీపు వచ్చి ఆపమన్న రోజు మనమే అందరికంటే ఎక్కువ గునుస్తాం, నిజానికి ఆ రోజు ఆ పోలీసాయన కాపాడింది మన చెవుల్ని.

ఇయర్ ప్లగ్స్ ఎలా పెట్టుకోవాలి

"చెవిలో దూది పెట్టుకుని శ్రుతి ఎలా వింటావురా" అని నన్ను ఎగతాళి చేసినవాళ్లున్నారు. దూది పనికిరాదు, ఆ మాట వరకు నిజం. మెడికల్ షాపులో దొరికే స్పాంజి ప్లగ్స్ బాగా పనిచేస్తాయి గానీ పై స్వరాల్ని ఎక్కువ మింగేస్తాయి, వయొలిన్ దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. డ్రమ్స్ వాళ్లకీ, సౌండ్ వాళ్లకీ, స్పీకర్ పక్కవాళ్లకీ అవి చాలు. వాయిద్యకారుల కోసం ఫిల్టర్ ఉన్న ప్లగ్స్ వేరే ఉంటాయి, అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, 9, 15, 25 డెసిబెల్స్ రకాలు. ఆడియాలజిస్ట్ మీ చెవి అచ్చు తీసి చేయించేవి అన్నిటికంటే మేలు, ఖరీదు ఎక్కువే, కానీ మంచి మైక్‌కి ఎంత పెడతామో ఆలోచించండి. వయొలిన్‌కి 9 లేదా 15 సరిపోతుంది, 25 జోలికి వెళ్లకండి, వినపడక ఇంకా గట్టిగా వాయిస్తారు.

స్పాంజి ప్లగ్ పెట్టుకునే పద్ధతి చాలామందికి తెలియదు, చివర్లో తగిలించి వదిలేస్తారు. చేతులు కడుక్కుని ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా, ముడత లేకుండా నలపండి. కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, దారి తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో అలాగే అరనిమిషం పట్టుకోండి. మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తే సరిగా కూర్చున్నట్టు. మొదట రెండు వారాలు ఇంట్లో ప్రాక్టీసులో పెట్టుకుని అలవాటు చేసుకోండి, నేరుగా ప్రోగ్రాంలో పెట్టుకుంటే చిరాకు పుట్టి తీసి జేబులో వేసుకుంటారు. నేను రెండు జతలు అలాగే తీసి పంచె అంచున దోపుకుని పోగొట్టాను.

కుర్చీ, భుజాలు, చేతులు

చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వయొలిన్‌కి శత్రువు. వెనక్కి వాలి ఉంటుంది, కుర్చీ చెయ్యి కమాను చేతి మోచేతికి అడ్డం పడుతుంది. చేతులు లేని కుర్చీ అడగండి, పెళ్లివారి భోజనాల దగ్గర కచ్చితంగా ఉంటాయి. ముందు అంచు మీద కూర్చుని, రెండు పాదాలూ నేల మీద ఆనించండి. కింద కూర్చుని వాయించే తబలా, డోలక్ వాళ్లు పిరుదుల కింద మడిచిన దుప్పటి వేసుకుంటే మోకాళ్లు నడుం కంటే కిందికి వస్తాయి, నడుం నిలబడుతుంది. కీబోర్డ్ స్టాండ్ ఎత్తు మోచేతి ఎత్తుకి సరిపోవాలి, మణికట్టు పైకి విరిచి వాయించే ఎత్తులో పెట్టుకోకండి. శాక్సఫోన్ వాళ్లు మెడకి వేలాడేసే పట్టీ మార్చి రెండు భుజాలకీ తగిలే పట్టీ వాడండి.

వయొలిన్ వాళ్లకి దవడ కింద నల్లటి మచ్చ పడటం మామూలే, పెళ్లిచూపుల్లో మా ఇంట్లో దాని మీద చర్చ కూడా జరిగింది. మచ్చతో ఆగితే పర్వాలేదు. దురద, పుండు మొదలైతే దవడ ఆనించే చిన్ రెస్ట్‌ని బిగించే లోహంలోని నికెల్ పడకపోవచ్చు, మధ్యలో నూలు గుడ్డ వేసి రోజూ ఉతకండి. వయొలిన్ జారకుండా మెడతో నొక్కి పట్టుకుంటున్నారంటే భుజం మీద ఆనే షోల్డర్ రెస్ట్ ఎత్తు తప్పని అర్థం, దాన్ని సరిచేయించకుండా మెడకి జండూబామ్ రాసి లాభం లేదు.

మొదలయ్యే ముందు పది నిమిషాలు నడవండి, భుజాలు తిప్పండి, తర్వాత నెమ్మది పాటలతో చేతులు వేడెక్కించండి. బలంగా లాగి సాగదీయడం అప్పుడు వద్దు. ప్రోగ్రాంలో ప్రతి అరగంటకీ ఒకసారి వాయిద్యం ఒళ్లో పెట్టి చేతులు వదిలేయండి, యాంకర్ స్పాన్సర్ల పేర్లు చదివే ఆ అయిదు నిమిషాలు ఇందుకే ఉన్నాయనుకోండి. అప్పుడు ఫోన్ తీయకండి, అదే బొటనవేలు, అదే మెడ. అన్నట్టు ఆంప్‌లు, స్పీకర్లు మోసేది ఎక్కువగా మనలో చిన్నవాళ్లే. నాలుగు గంటలు వాయించాల్సిన చేత్తో నలభై కేజీల పెట్టె ఒక్కరే ఎత్తకండి, ఇద్దరు పట్టండి.

పాడేవాళ్లు

నాది పాడే వృత్తి కాదు కాబట్టి చుట్టూ చూసింది చెప్తాను. గొంతు పట్టేసిందని గుసగుసగా మాట్లాడతారు, అది ఇంకా హాని, మాట్లాడకుండా ఉండటమే మందు. మాటిమాటికీ గొంతు సవరించడం బదులు ఒక గుక్క నీళ్లు మింగండి. గొంతుని తిమ్మిరెక్కించే చప్పరింపు బిళ్లలు వేసుకుని పాడితే నొప్పి తెలియక ఇంకా చీల్చుకుంటారు. రాత్రి ఒంటిగంటకి బిర్యానీ తిని వ్యాన్‌లో వెనక్కి వాలి పడుకుంటే పొట్టలోని ఆమ్లం గొంతులోకి వస్తుంది, పొద్దున్నే బొంగురు దాని వల్లే, ఐస్‌క్రీం వల్ల కాదు. ప్రోగ్రాంకి ముందు తినండి, తర్వాత తేలిగ్గా ఇడ్లీనో పెరుగన్నమో చాలు. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించాల్సిందే.

దడ, మాత్రలు, మందు

పెద్ద స్టేజ్ ముందు చేతులు వణకడం అందరికీ ఉంటుంది, కమాను తీగ మీద గజగజలాడితే మైక్ దాన్ని ఊరంతా వినిపిస్తుంది. దీనికి ప్రొప్రనోలోల్ అనే మాత్ర ఒకళ్ల దగ్గర నుంచి ఒకళ్లకి చేతులు మారుతుంటుంది. అది గుండె మందు. ఆస్తమా ఉన్నవాళ్లు వేసుకుంటే ప్రాణం మీదికి రావొచ్చు, బీపీ తక్కువ ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోవచ్చు. డాక్టరు చూసి రాస్తే తప్ప ముట్టుకోకండి. మందు గ్లాసు గురించి నేను చెప్పినా వినేవాళ్లు వినరు, ఒక్క మాట, తాగినవాడికి తను ఎంత గట్టిగా వాయిస్తున్నాడో తెలియదు, పక్కవాడి చెవికి తెలుస్తుంది.

తిరుగు ప్రయాణం

మన వృత్తిలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు స్టేజ్ కాదు, తెల్లవారుజామున మూడింటికి హైవే మీద వెళ్తున్న వ్యాన్. రెండు నుంచి ఆరు మధ్య మనిషి ఒళ్లు నిద్రని కోరుకుంటుంది, ఎంత అలవాటున్నా. డ్రైవరు ప్రోగ్రాంలో వైర్లు లాగినవాడో, ప్యాడ్స్ వాయించినవాడో కాకూడదు, ప్రోగ్రాం జరుగుతున్నంతసేపూ వ్యాన్‌లో పడుకున్నవాడు కావాలి. ముందు సీటులో ఒకళ్లు మెలకువగా మాట్లాడుతూ ఉండాలి, గంటకొకరు మారాలి. డ్రైవరు వరసగా ఆవలించినా, కిటికీ దించి మొహం మీద గాలి కొట్టించుకుంటున్నా బండి ఆపించి ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. టీ ఒక్కటే సరిపోదు. వీలైతే మండపంలోనే చాపలు పరిచి తెల్లారాక బయలుదేరండి, పెళ్లివారు కాఫీ కూడా ఇస్తారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో మోత, దూది పెట్టినట్టు మూసుకుపోవడం మరుసటి రోజుకీ తగ్గకపోతే వెళ్లండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే ఆ రోజే వెళ్లండి, గులిమి అనుకుని నూనె పోసుకుంటూ వారం గడిపితే మందు పనిచేసే సమయం దాటిపోతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర నరం నలుగుతోందని, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గరని అనుమానించాలి, ఆర్థోపెడిక్ డాక్టరుకి ఫలానా వేళ్లు అని స్పష్టంగా చెప్పండి, ఎలా వాయిస్తారో వాయిద్యం పట్టుకుని చూపించండి కూడా.

నొప్పి ఏమీ లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే ఒక వేలు తనంతట తనే ముడుచుకుపోతుంటే అది వేరే కథ, ఫోకల్ డిస్టోనియా అనే నరాల సమస్య కావచ్చు. అమెరికన్ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్‌కి 1960లలో, ముప్పై ఆరేడేళ్ల వయసులో కుడి చేతి చివరి రెండు వేళ్లూ అలాగే ముడుచుకుపోయాయి. ఇంకా గట్టిగా సాధన చేస్తే పోతుందనుకున్నాడు, పోలేదు. మూడు దశాబ్దాలు ఎడమ చేత్తో వాయిస్తూ, పాఠాలు చెప్తూ గడిపి, బొటాక్స్ ఇంజెక్షన్లు దొరికాక 1990లలో మళ్లీ రెండు చేతులతో కూర్చున్నాడు. మనవాళ్లు దీన్ని సాధన తక్కువై వచ్చిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. సాధన ఆపి న్యూరాలజిస్ట్‌ని కలవండి.

చివరగా డబ్బు. మనకి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకోండి, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు, ఒక చెయ్యి గానీ ఒక కన్ను గానీ పూర్తిగా పోతే లక్ష. ఆ 20 రూపాయలు మే నెలాఖరుకి ఖాతాలోంచి వాళ్లే తీసుకుంటారు, అప్పటికి బ్యాలెన్స్ ఉండేలా చూసుకోండి. వైశాఖం ప్రోగ్రాంల బాకీలు మే నెలాఖరుకి వసూలవుతాయని మాత్రం నమ్ముకోకండి.